నాలుగొందల ఎనభై ఏడో మీటరు

"నువ్వు పనిచేస్తూ కూనిరాగాలు తీస్తావుగా. దాని మీదకి తోసేస్తే సరిపోతుంది," అన్నాడు మా ఆయన హినేస్, పళ్ళు తోముకుంటూ.

నేను అతని తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆ ఉదయం పదకొండింటికి మీటింగు. తప్పంతా నాదని ఆ మీటింగులో నేను సంతకం పెట్టాలి, నేను పెడుతుంటే చూడ్డానికి మా ఆయన ముడతల్లేని చొక్కా వేసుకుని పక్కన కూర్చోవాలి. కాలరు దగ్గర ఇస్త్రీపెట్టె కాసేపు ఎక్కువే ఆపాను, మాడితే మాడనీ అని. మాడలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పక్కకి జరిగిపోయింది. ఆ చేతిమీద నాకు ఎంత కోపం వచ్చిందో!

అసలేం జరిగిందో మొదట్నించీ చెప్తాను. లేకపోతే మా నెర్వా ఊళ్ళో అనుకుంటున్నదే నిజమని మీరూ అనుకుంటారు.

మా ఊరి పక్కన పారే ఏరు ఎర్రగా ఉంటుంది. నిమ్మరసమంత పులుపు, నిండా ఇనుము. చేప అనేది బతకదు. గనుల్లో పనిచేసిన మా తాత దాన్ని చచ్చిన ఏరనేవాడు. తర్వాత మాద్రీద్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి, చావడమేమిటి, అందులో కంటికి కనపడని జీవాలు కిటకిటలాడుతున్నాయి, ఇనుమూ గంధకమూ తిని హాయిగా బతుకుతున్నాయి అని చెప్పారు. అంగారకుడి మీదా ఇలాంటి రాళ్ళే, ఇలాంటి ఉప్పులేనట. అక్కడ ఏదైనా బతికుంటే పైన మాత్రం ఉండదు, లోపల రాతి పొరల్లో దాక్కుని ఉంటుంది. అంత దూరం వెళ్ళి తవ్వేముందు ఇక్కడ తవ్వి, ఎలా వెతకాలో నేర్చుకోవాలి. అదీ మా పని. కొండవార బోరు వేస్తాం, చేతి మందం రాతి కడ్డీలు పైకి తీస్తాం, వాటి నడుమ ప్రాణం ఉందేమో చూస్తాం.

హినేస్ రాళ్ళు చదివినవాడు, ఈ ప్రాజెక్టులో రెండో పెద్ద. నేను సూక్ష్మజీవులు చదివినదాన్ని, సాంకేతిక సహాయకురాలిని. ఇద్దరం సెవియాలో ఒకే ఏడు చదువు పూర్తిచేశాం. మార్కులు నాకే ఎక్కువ వచ్చాయి, ఆ సంగతి ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నా పరిశోధన సగంలో ఉండగా కందేలా పుట్టింది. "పిల్లకి పాలు ఎవరు పడతారమ్మా, నీ మైక్రోస్కోపా?" అన్నారు మా అత్తగారు విర్తూదెస్. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఏడాది ఆగి మళ్ళీ మొదలుపెడదామనుకున్నాను. ఆ ఏడాది తొమ్మిదేళ్ళయింది. ఈలోగా పాత గని ఆఫీసులో ల్యాబు తెరిచారు, సహాయకురాలు కావాలన్నారు. దరఖాస్తు పెట్టింది నేను, పరీక్ష రాసింది నేను, ఎంపికైంది నేను. "అంపారోకి ఉద్యోగం నేనే ఇప్పించాను," అని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు హినేస్. నన్ను కాఫీ పెట్టమని పంపి మరీ చెప్పుకుంటాడు.

ప్రాణం కోసం వెతికేచోట అన్నిటికన్నా పెద్దపని శుభ్రం. మనిషి ఒంటినిండా సూక్ష్మజీవులే. వేలు తగిలితే చాలు, తుమ్మితే చాలు, రాతిలో మనం వెతికేదేదో మనం పెట్టిందేదో తెలియదు. కాబట్టి గాజుసామానంతా నేను కడుగుతాను, కాలుస్తాను, మూటలు కడతాను. బల్లలు తుడుస్తాను. తుడిచిన బల్లని మళ్ళీ తుడుస్తాను. ఇంటికొచ్చి అదే పని ఇంకో గుడ్డతో చేస్తాను. రెండుచోట్లా తీరొకటే. శుభ్రంగా ఉన్నంతకాలం ఎవరూ ఏదీ చేసినట్టు కాదు, మరక కనపడగానే నా పేరు గుర్తొస్తుంది. కడ్డీల పుస్తకం రాసేదీ నేనే. ప్రతి కడ్డీకీ ఒక పేజీ. ఎన్ని గంటలకి పైకొచ్చింది, ఎవరు పట్టుకున్నారు, ఎవరి చేతితొడుగు చిరిగింది, ఎవరు దగ్గారు, అన్నీ. మాస్కు ముక్కు కిందకి జారినా రాస్తాను. డ్రిల్లింగు కుర్రాళ్ళు నన్ను చూస్తే "అదిగో సిస్టరమ్మ వస్తోంది, నోళ్ళు కట్టుకోండిరా" అని ఏడిపించేవాళ్ళు. మాస్కు వెనక నేను పాడుకుంటానన్న మాటా నిజమే. నాకున్న ఒక్క కూనిరాగమూ ఎవరికీ అడ్డంకాని చోట తీసుకుంటాను. ఇప్పుడు దానిమీదే పడ్డారు.

రాళ్ళు చదివినవాళ్ళకో జబ్బుంది. కొత్త రాయి చేతికి దొరికితే నాకుతారు. ఎంగిలితో తడిస్తే రాతిలో గింజలు తేటగా కనపడతాయి, ఏ రాయో ఇట్టే తెలిసిపోతుంది. కొండల్లో తిరిగేటప్పుడు అందులో తప్పేమీ లేదు. పెళ్ళికి ముందు మొదటిసారి నన్ను షికారుకి తీసుకెళ్ళినప్పుడు హినేస్ నాకు పువ్వు కోసివ్వలేదు, రాయి నాకి చూపించాడు. అప్పుడది ముద్దుగా అనిపించింది, ఏం చెప్పను.

పోయిన ఏడు మార్చి తొమ్మిదిన నాలుగొందల ఎనభై ఏడో మీటరు నుంచి కడ్డీ పైకొచ్చింది. పెట్టెలో పెట్టేలోపే రెండు ముక్కలైంది. మిగతావాళ్ళంతా చిక్కుపడిన డ్రిల్లు తీగ దగ్గర తిట్టుకుంటూ లాగుతున్నారు. విరిగిన చోట రాయి మెరుస్తోంది, పచ్చగా, మధ్యలో ఎర్ర జీరతో. అలాంటిది అంతవరకూ రాలేదు. హినేస్ మాస్కు కిందకి లాగాడు, వంగాడు, విరిగిన ముఖాన్ని నిండుగా, ఆప్యాయంగా నాకాడు. తల ఎత్తితే ఎదురుగా నేను. నాకేసి కన్నుగీటాడు. వెనకాల ఎవరూ చూడలేదు. "ఏం రాయో చూశావా!" అన్నాడు మాస్కు పైకి లాక్కుంటూ. నేను పుస్తకంలో పదకొండూ ఇరవై అని టైము వేశాను, కడ్డీ విరిగిందని రాశాను.

నాకిన వైపు ముక్క ప్రాజెక్టుకి వెళ్ళింది. రెండో ముక్క "మిగులు" కింద నాకొచ్చింది. దాని అవతలి కొస నుంచి, గాలి చొరబడని గాజుపెట్టెలో, నడిమి రాయి కొంచెం తీసి ఇరవై గొట్టాల్లో వేశాను. వెలుతురు లేదు, గాలి లేదు, తినడానికి కరిగిన ఇనుమూ ఇంకో రెండు ఉప్పులూ తప్ప ఏమీ లేదు. పక్కన రాయి వెయ్యని గొట్టాలు ఇంకో ఇరవై పెట్టాను, పోల్చి చూసుకోవడానికి. ఇది చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. ఆదివారాలు వెళ్ళి చేసుకునేదాన్ని, ఆ ఆదివారాలకి జీతం లేదు. "మా ఆవిడ పులుసు పెట్టుకుంటోంది" అని హినేస్ డాక్టర్ లెయాంద్రోతో జోకు వేశాడు. లెయాంద్రో మాద్రీద్ నుంచి వచ్చిన మా పెద్దసారు. ఆయన కూడా నవ్వాడు.

మే నెలలో ప్రాజెక్టు ముక్కలో కణాలు కనపడ్డాయి. రంగువేసి చూస్తే మైక్రోస్కోపు కింద మిణుగురుల్లా మెరిశాయి. పేపర్లవాళ్ళొచ్చారు. "నెర్వా పాతాళంలో ప్రాణం, అంగారకుడి మీదా ఉండొచ్చు" అని రాశారు. హినేసూ లెయాంద్రో చెరోవైపు కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఫోటో వేశారు. ఆ ఫోటో తీసింది నేను. మా అత్తగారు దాన్ని ఫ్రేము కట్టించి టీవీ పైన వేలాడదీశారు. మునిసిపాలిటీవాళ్ళు చౌరస్తాలో బ్యానరు కట్టారు. నెలంతా ఇంటినిండా జనం. నేను మిరపకాయలు వేయిస్తూ, హాము మాంసం కోస్తూ, గ్లాసులు కడుగుతూ, హినేస్ ఆ రాతిని మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు ఎలా జలదరించిందో చెప్తుంటే వింటూ ఉండిపోయాను. ఏ సంగతి దాచాడో వాడికీ నాకూ తెలుసు. వాడికి అది గుర్తుందో లేదో కూడా నాకు అనుమానమే. మగవాళ్ళకి ఆ సౌకర్యం ఉంది.

ఈలోగా నా పదిహేడో గొట్టంలో నీళ్ళ రంగు మారింది. రాయి వేసిన ఎనిమిదో నెలలో. లేతాకుపచ్చ నీళ్ళలో అడుగున గోటిమీద గీతంత తుప్పు. గాలి లేనిచోట ఇనుము ఊరికే తుప్పు పట్టదు, దాన్ని ఎవరో తినాలి. రాయి వెయ్యని గొట్టాలన్నీ అలాగే ఉన్నాయి. అందులోంచి ఒక చుక్క కొత్త గొట్టంలో వేశాను, మళ్ళీ తుప్పు. ఇంకో కొత్తదాంట్లో, మళ్ళీ. మనిషి నోట్లో, చేతిమీద ఉండే జీవం ఇనుము తిని బతకలేదు. ఇది నిజంగా కిందనుంచే వచ్చింది. సూర్యుణ్ణి ఎప్పుడూ చూడనిది, ఎవరి దయా అక్కర్లేకుండా చీకట్లో రాతిని నములుకుంటూ ఉన్నది. ఆ రోజు గాజుపెట్టె ముందు కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే. ఇంటికెళ్ళి చెప్తే హినేస్, "బావుంది, బావుంది, ముందు మా వ్యాసం అచ్చవనీ," అన్నాడు. కందేలా లెక్కల హోంవర్కు చూశావా అని కూడా అడిగాడు.

ఈ ఏడు ఏప్రిల్లో జర్మనీ ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. మా ప్రాజెక్టు ముక్కలో కొంత వాళ్ళకీ పంపించాం. వాళ్ళు మర్యాదగానే రాశారు: మీరు పంపిన రాతిలో ఉన్నవి మనిషి నోట్లో పంటి సందుల్లో ఉండే బ్యాక్టీరియా. అంతే. వ్యాసం వెనక్కి తీసుకోవాలి, మళ్ళీ పేపర్లకి చెప్పుకోవాలి, పైవాళ్ళకి జవాబివ్వాలి. ఎవరి నోరు?

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి వాళ్ళకి అరపూట కూడా పట్టలేదు.

"ఎవరు కడిగారు, ఎవరు కోశారు, ఎవరు మూట కట్టారు? నువ్వేగా," అన్నాడు హినేస్ ఆ సాయంత్రం వంటింట్లో. కూర్చున్నవాడు లేవలేదు, గొంతు కూడా పెంచలేదు. "నీకొక హెచ్చరిక ఇస్తారు, అంతే. నాకైతే అంతా పోతుంది. యాభై ఒకటి నాకు, అంపారో. రేపట్నించి ప్రపంచంలో ఏ రాయి దగ్గరకెళ్ళినా అదిగో నాకినవాడొచ్చాడంటారు." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ ఏడుపు కాదది, నాకు తెలుసు. జాలి కూడా వేసింది. వాడు భయపడితే నేను ఓదార్చాలి, నా మీద తప్పు వెయ్యబోతూ భయపడినా సరే ఓదార్చాలి. ఓదార్చాను కూడా. చిక్కుడు పులుసు పెట్టాను, తిన్నాడు, ఉప్పు తక్కువైందన్నాడు.

మా అత్తగారు మెట్లు దిగొచ్చి అసలు మాట అనేశారు. "నీకేం పోతుందే అమ్మా? వాడి పేరంటే పేపర్లో పడింది, చెడుతుంది. నీ పేరు అసలెక్కడైనా ఉంటేగా చెడ్డానికి?"

నిజమే కదా. అంత నిజం ఆవిడ నోటివెంట ఎప్పుడూ వినలేదు. వ్యాసంలో పదకొండు పేర్లున్నాయి, తీగ లాగినవాళ్ళవి కూడా. నాది చివర, చిన్న అక్షరాల్లో, "సహకరించిన అంపారోకి కృతజ్ఞతలు". ఇంటిపేరు కూడా వెయ్యలేదు. ఏ అంపారో? మా వీధిలోనే ముగ్గురున్నాం.

అయినా సంతకం పెట్టేసేదాన్నే. ఆ మాట ఒప్పుకోవాలి. ఇంట్లో గొడవ పడలేక ఇరవై రెండేళ్ళలో ఎన్నిటికి తలూపానో, దానికీ ఊపేసేదాన్ని. కానీ కాగితం నకలు ముందురోజు లెయాంద్రో మెయిల్లో పంపాడు. నాలుగో పేరా చదివాను. "సదరు సహాయకురాలి చేతులమీదుగా వెళ్ళిన నమూనాలన్నీ చెడిపోయినవిగా పరిగణించి నాశనం చేయాలి." నాశనం చెయ్యడమంటే ఆటోక్లేవులో పెట్టి ఆవిరికి ఉడకబెట్టడం. పెద్ద ప్రెషర్ కుక్కరనుకోండి, ఇరవై నిమిషాలు చాలు. ఆ పని కూడా నేనే చెయ్యాలి. నాలుగొందల ఎనభై ఏడో మీటరు రాయి ఇంకెక్కడా మిగల్లేదు. బోరు సిమెంటుతో మూసేశారు. అది పోతే మళ్ళీ రాదు.

మీటింగు గదిలో ముగ్గురం. లెయాంద్రో, హినేస్, నేను. ల్యాబు తెరిచిన దగ్గర్నించీ నన్ను "అంపారో, ఇలా రా" అని పిలిచిన లెయాంద్రో ఆ రోజు, "రండి, కూర్చోండి," అన్నాడు. మీరు అన్నాడంటేనే నాకు మూడిందని అర్థమైంది.

"ఎవరినీ నొప్పించాలని కాదండీ. పనిచేస్తూ పాడతారని అందరికీ తెలుసు. మాస్కు కొంచెం వదులై ఉంటుంది. మానవ సహజం," అంటూ కాగితం నా ముందుకి జరిపాడు. పైన పెద్దక్షరాలతో 'సాంకేతిక సహాయకురాలి పొరపాటు – వివరణ' అని ఉంది.

"నా నోటి నమూనా తీసుకుని జర్మనీకి పంపండి. పోలుస్తారు. నాదైతే సంతకం పెడతాను," అన్నాను.

"అంతదూరం ఎందుకు? ఇదేమైనా కోర్టా?" అని నవ్వాడు లెయాంద్రో. నవ్వుతూనే ఒకసారి హినేస్ వైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు. ఆయనా రాళ్ళవాడే. ఆయనకి తెలుసు. మొదట్నించీ తెలుసు!

"పదిహేడో గొట్టం కూడా నాశనం చెయ్యాలా?"

"అన్నీ, అంపారో గారూ. ఒకటి ఉంచి ఒకటి తీస్తే పైవాళ్ళు ఊరుకోరు."

"అది బతికుంది, డాక్టర్ గారూ. మనం ఇన్నేళ్ళుగా వెతుకుతున్నది అదే. ఇనుము తింటోంది. రెండుసార్లు గొట్టం మార్చి చూశాను."

"మీరు చూశారు," అన్నాడాయన మెల్లగా. "మీ చేతులతో. ఇబ్బంది అక్కడే కదా."

"అబ్బా, ఆ తుప్పు నీళ్ళ గోల ఇప్పుడెందుకు?" అన్నాడు హినేస్. చొక్కా చేతి గుండీ వైపు చూస్తున్నాడు, నావైపు కాదు. "పెట్టేసెయ్యి అంపారో. కందేలాని స్కూలు నుంచి తీసుకురావాలి."

"హినేస్," అన్నాను. "నువ్వేమైనా చెప్తావా?"

"ఏం చెప్పను?"

"ఏదైనా."

ఒక్క మాట చాలు. నాకానన్నా సరే, గుర్తులేదన్నా సరే, కనీసం ఆ గొట్టాన్ని వదిలెయ్యండన్నా సరే. వాడు నీళ్ళ గ్లాసు తీసుకుని తాగాడు. కిందపెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి నోటివెంట మాట వస్తుందేమోనని నేను ఆ మూతివైపే చూస్తూ కూర్చున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది. నాకు కావలసిన మాట కోసం వాడి నోటివైపు ఎందుకు చూడాలి? రాతిలో ఆ నోరు చేసిన పని చాలదా?

అప్పుడొక సంగతి తోచింది. ఇన్ని రోజులు వాళ్ళమీద మండిపడుతూ నేను దాని పక్కనుంచే నడిచిపోయాను. ఆ కన్నుగీటడం చూసి ఆ రోజు నేనేం చేశానో గుర్తొచ్చింది. మాస్కు వెనకాల నేను నవ్వాను.

లెయాంద్రో కలం అడిగి తీసుకున్నాను. హినేస్ ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. పైన ఉన్న శీర్షిక జోలికి వెళ్ళలేదు, అలాగే ఉంచాను. కింద అచ్చువేసిన నాలుగు పేరాలనీ మూలనుంచి మూలకి కొట్టేశాను. ఖాళీగా ఉన్న అడుగుభాగంలో, కడ్డీల పుస్తకంలో రాసే దస్తూరీతో, తొందరపడకుండా రాశాను:

"మార్చి తొమ్మిది ఉదయం పదకొండూ ఇరవైకి నాలుగొందల ఎనభై ఏడో మీటరు కడ్డీ విరిగింది. విరిగిన ముఖాన్ని హినేస్ మాస్కు తీసి నాలుకతో తడిపి చూశారు. మా ఇద్దరి నోటి నమూనాలూ పంపి పోల్చుకోవచ్చు. పదిహేడో గొట్టంలో ఉన్నది అవతలి ముక్కది. అది బతికి ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. ఆయన రాయి నాకుతున్నప్పుడు నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, పుస్తకం తెరిచి ఉంది, కలం నా చేతిలో ఉంది. ఎవరు దగ్గినా రాసేదాన్ని, ఆయన నా భర్త కాబట్టి రాయలేదు. పొరపాటు నాదే. ఇంకెప్పుడూ చెయ్యను.

అంపారో వల్దాయో గిల్."